మెతుకు సీమలో గుడి – కొన్ని లెక్కలు

మొన్నామధ్య ఒక ఆదివారం ఆఫీసు మిత్రులం నలుగురం బైకుల మీద మెదక్ వెళ్ళాం. హైదరాబాద్ నుంచి నర్సాపూర్ అడవి మీదుగా వంద కిలోమీటర్ల లోపే. కోట చూశాం, బిర్యానీ తిన్నాం, తర్వాత చర్చికి వెళ్ళాం. దూరం నుంచే కనిపించే ఆ బూడిద రంగు రాతి గోపురం గురించి చదివింది వేరు, కింద నిలబడి తలెత్తి చూడటం వేరు.

లోపల ఒకాయన యాత్రికులకు విశేషాలు చెబుతున్నాడు. మేమూ చెవి పడేశాం. ఆయన చెప్పిన వాటిలో మూడు గుర్తున్నాయి. ఒకటి, ఇది ఆసియాలోకెల్లా పెద్ద డయోసిస్, ప్రపంచంలో వాటికన్ తర్వాత ఇదే. రెండు, చార్మినార్ కంటే ఎత్తు కడుతున్నారని నిజాముకు కోపం వచ్చింది. మూడు, కరువులో జనానికి తిండి పెట్టి ఈ చర్చి కట్టించారు.

మూడోది వినగానే మాలో ఒకడు "అదే కదా, గంజి పోసి మతం మార్చారన్నమాట" అని నవ్వాడు. ఇంకొకడు కూడా నవ్వాడు. నాలుగోవాడు నవ్వలేదు. అతనిది మెదక్ పక్కన పల్లెటూరే. తిరిగొచ్చేటప్పుడు టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు నాతో మాత్రం చెప్పాడు, "మా నాయనమ్మ వాళ్ళ నాన్న ఇక్కడ రాళ్ళు మోశాడంట" అని.

మూడేళ్ళుగా పక్క పక్క సీట్లలో కూర్చుని పని చేస్తున్నాం. ఈ సంగతి నాకు తెలీదు. ఇంటికొచ్చాక సిగ్గేసింది. తర్వాత కొన్ని వారాలు దొరికినవల్లా చదివాను. ఈ టపా ఆ చదువు ఫలితం. నేను క్రైస్తవుణ్ణి కాను, చరిత్ర విద్యార్థిని అంతకన్నా కాను. లెక్క కుదరకపోతే నిద్రపట్టని జబ్బు ఒకటుంది, అంతే.

ముందు తేలికైనవి చూద్దాం.

వాటికన్ పోలిక అసలు పోలికే కాదు. వాటికన్ ఒక దేశం, అదీ 44 హెక్టార్లది. మెదక్ డయోసిస్ ప్రొటెస్టెంట్ సంఘమైన సీఎస్ఐలోది. ఈ రెండింటినీ ఒకే వరసలో నిలబెట్టడమంటే మా కంపెనీని ఐక్యరాజ్యసమితితో పోల్చినట్టు. ఎవరో ఒకసారి రాశారు, అందరూ అదే తిరగరాస్తున్నారు. చార్మినార్ సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. ఒక పుస్తకం దాని ఎత్తు 160 అడుగులంటే మరొకటి 184 అంటుంది. చర్చి గోపురం 175 అడుగులు. కాబట్టి నిజాముకు కోపం రావాలా వద్దా అన్నది మీరు ఏ పుస్తకం చదివారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది :)

ఇక మూడోది. అది అంత తేలిగ్గా తేలదు. అది తేలాలంటే అసలు ఈ మెథడిస్టులు ఎవరో కొంచెం చూడాలి.

జాన్ వెస్లీ (1703–1791) ఇంగ్లండు చర్చిలో గురువు. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న రోజుల్లో ఆయనా, తమ్ముడు చార్లెసూ, కొందరు స్నేహితులూ ప్రార్థన, చదువు, జైళ్ళకు వెళ్ళి ఖైదీల్ని చూడటం అన్నీ పద్ధతి ప్రకారం చేస్తుంటే అక్కడి విద్యార్థులు వెక్కిరింపుగా "మెథడిస్టులు" అన్నారు. పద్ధతిగాళ్ళు అన్నమాట. ఆ వెక్కిరింపే పేరైపోయింది. 1739లో ఆయన బ్రిస్టల్ దగ్గర చర్చి గుమ్మం తొక్కని బొగ్గుగని కూలీలకు ఆరుబయట బోధించటం మొదలుపెట్టాడు.

నాకు నచ్చింది మాత్రం ఆయన ఏర్పాటు. 1742లో బ్రిస్టల్లో కట్టడం మీది అప్పు తీర్చడానికి సభ్యుల్ని సుమారు పన్నెండు మంది చొప్పున గుంపులు చేశారు. ఒక్కొక్క గుంపుకి ఒక నాయకుడు. అతను వారం వారం ఇల్లిల్లూ తిరిగి మనిషికో పెన్నీ వసూలు చేయాలి. తిరిగేటప్పుడు ఎవరికి జబ్బు చేసింది, ఎవరింట్లో తగువు, ఎవరు తాగుడు మొదలెట్టారు అన్నీ తెలిసొచ్చేవి. డబ్బు కోసం పెట్టిన ఏర్పాటు మనుషుల్ని పట్టించుకునే ఏర్పాటుగా మారింది. చదువుకున్న గురువు ఒక్కడే ఉన్నా, చదువు లేని నాయకులు వందమంది ఉంటే సంఘం నడుస్తుంది. సర్వర్ ఒక్కటే పెట్టి నెత్తి మీద భారమంతా వెయ్యకుండా, పని పంచేసినట్టు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, మెదక్‌లో పనికొస్తుంది.

వెస్లీ మనుషులు 1813 చివర్లో ఇటు బయలుదేరారు. నాయకుడు థామస్ కోక్ ఓడలోనే చనిపోయాడు. మిగిలినవాళ్ళు సింహళం చేరారు, 1817కల్లా మద్రాసులో అడుగుపెట్టారు. నిజాం రాజ్యంలోకి రావడానికి ఇంకా అరవై ఏళ్ళు పట్టింది. 1880 ప్రాంతంలో విలియం బర్జెస్ సికింద్రాబాదులో పని మొదలుపెట్టాడు. అక్కడ కంటోన్మెంట్ ఉంది, తెల్ల సిపాయిలున్నారు, పటాలాల వెంట వచ్చిన తమిళులున్నారు. అంటే మొదట్లో ఈ సంఘానికీ తెలుగు పల్లెకీ సంబంధం అంతంత మాత్రమే.

అన్నట్టు, హైదరాబాదులో మెథడిస్టులు రెండు రకాలు. అది తెలీక నేను చాలాసేపు గందరగోళపడ్డాను. బర్జెస్ వాళ్ళది బ్రిటిష్ శాఖ, వెస్లియన్లు అనేవాళ్ళు. రెండోది అమెరికా శాఖ. 1784లోనే అది వేరే సంఘంగా ఏర్పడి బిషప్పుల్ని పెట్టుకుంది. 1856లో బరేలీలో మొదలై దక్షిణానికి వచ్చింది. హైదరాబాదులో 1895లో మొదలైన స్టాన్లీ బాలికల స్కూలు వాళ్ళదే. వికారాబాద్, బీదర్ వైపు కూడా వాళ్ళ పనే. ఇవాళ బోర్డు మీద "మెథడిస్ట్ చర్చి" అని కనిపిస్తే అది సాధారణంగా ఈ అమెరికా శాఖ వారసత్వం. 1981లో అది మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా స్వతంత్రమైంది. మెదక్ చర్చి మెథడిస్టులు కట్టిందే అయినా ఆ పేరు బోర్డు మీద ఉండదు. ఎందుకో ముందు ముందు చెప్తా.

ఇప్పుడు మెదక్. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే కుర్ర మిషనరీ 1890ల చివర్లో సికింద్రాబాద్ నుంచి గుర్రం మీద ఇక్కడికి వచ్చాడు. అప్పటికి ఈ దారిలో రైలు లేదు. (మెదక్ పట్నానికి రైలు వచ్చింది 2022లో. అంటే పాస్నెట్ వచ్చిన సవాశతాబ్దం తర్వాత.) ఆయన తోబుట్టువు ఎమిలీ పాస్నెట్, ఆమె స్నేహితురాలు సారా హారిస్ కూడా వచ్చి ఆడవాళ్ళకు మందులిచ్చే పని మొదలుపెట్టారు. అది తర్వాత ఆసుపత్రి అయింది. ఇదే శాఖకు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి 1915లో నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్టు రోగుల ఆసుపత్రి పెట్టారు. దానికి సాయం చేసింది రాజా నర్సాగౌడ్, హిందువు. మతమార్పిడి చర్చల్లో ఇలాంటి వివరాలు ఎందుకో ఎవరికీ గుర్తు రావు, ఇటు వాళ్ళకీ అటు వాళ్ళకీ.

మెదక్ చుట్టుపక్కల పల్లెల్లో సంఘంలోకి వచ్చినవాళ్ళలో చాలామంది మాలలు, మాదిగలు. వచ్చింది కూడా ఒక్కొక్కరుగా కాదు. కుటుంబాలకు కుటుంబాలు, ఒక్కోసారి వాడకు వాడ. పెద్దమనుషులు కూర్చుని, మాట్లాడుకుని, తేల్చుకుని వచ్చారు. మనవాళ్ళు పెళ్ళి సంబంధమే ఒక్కడుగా తేల్చుకోరు, దేవుడి సంగతి ఒక్కడుగా ఎలా తేల్చుకుంటారు?

ఇక్కడే వెస్లీ ఏర్పాటు పనికొచ్చింది. మెదక్‌లో కూర్చున్న దొర ఒక్కడూ వందల పల్లెలు చూడలేడు. చూసింది ఉపదేశులు. అక్షరాలు నేర్చిన స్థానికుడు, అతని భార్య, ఒక పల్లెలో ఉండి చుట్టూ నాలుగైదు ఊళ్ళు నడిచి తిరిగేవాళ్ళు. పొలం పని ముగిశాక రాత్రి పూట దీపం పెట్టి ప్రార్థన, పాట, కొంచెం అక్షరాలు. పెద్ద పుస్తకాల్లో పాస్నెట్ పేరుంటుంది. ఈ ఉపదేశుల పేర్లు చాలావరకు ఉండవు. నిజానికి చర్చి పెరిగింది వాళ్ళ కాళ్ళ మీద.

అప్పటి తెలంగాణ పల్లె ఎలాంటిదో కూడా గుర్తు తెచ్చుకోవాలి. వెట్టి చాకిరీ రోజులవి. దొర గడీకి, పటేలు పట్వారీలకు, ఊరికొచ్చిన అధికారికి మాల మాదిగలు కూలి లేకుండా పని చెయ్యాలి. మూట మొయ్యాలి, కబురు మొయ్యాలి, చెప్పులు కుట్టివ్వాలి. అడిగితే దెబ్బలు. ఈ వెట్టి మీద కోపమే 1946 నుంచి సాయుధ పోరాటానికి ఒక కారణమైంది.

ఇప్పుడు కట్టడం దగ్గరికి వద్దాం. 1914లో మొదలైంది. పదేళ్ళు పట్టింది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ చేశారు. ఆ పదేళ్ళు ఎలాంటివి? మొదటి ప్రపంచ యుద్ధం, ధరల మంట. 1918లో వానలు ఎగ్గొట్టాయి, అదే ఏడు ఇన్‌ఫ్లుయెంజా దేశమంతా ఊడ్చుకుపోయింది. కరువులో జనానికి ఊరికే తిండి పెట్టే బదులు పని ఇచ్చి తిండి పెట్టాలని పాస్నెట్ అనుకున్నాడని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. మనం ఇవాళ పనికి ఆహార పథకం అంటామే, అదే.

మెదక్‌కు ఆ పేరు మెతుకు నుంచే వచ్చిందంటారు. ఇప్పటికీ మెతుకు సీమ అంటారు. ఆ మెతుకు కోసమే మతం మారారన్నది మా మిత్రుడి మాట. నా లెక్క ఇదీ.

చర్చి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. అంటే 20,000 చదరపు అడుగులు. 5,000 మంది పడతారంటారు. మనిషికి నాలుగు చదరపు అడుగులు, అంటే రెండు బై రెండు. బల్లలు వేస్తే కుదరని లెక్క. కింద బాసింపట్టు వేసుకుని, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని, ఒకరి మోకాలు ఒకరికి తగిలేలా కూర్చుంటే సరిగ్గా కుదురుతుంది. అంటే ఇది దొరల కోసం గీసిన ప్లాను కాదు. పల్లె నుంచి నడిచొచ్చే జనం కోసం గీసింది. పునాది వేసేనాటికి అంత జనం కనిపిస్తూ ఉంటేనే ఎవరైనా అంత ప్లాను గీస్తారు. పాస్నెట్ వచ్చి అప్పటికి పదిహేనేళ్ళు దాటింది. అంటే చర్చి పని చూపించి జనాన్ని చేర్చారనడం వెనకది ముందుకు పెట్టడం. ముందు జనం చేరారు, తర్వాత చర్చి లేచింది.

అయితే అంతకు ముందటి కరువుల మాటేమిటి, 1896–97లో, 1899–1900లో దక్కనులో ఘోరమైన కరువులొచ్చాయి కదా, అప్పుడు చేరి ఉండొచ్చు కదా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కొందరు ఆకలితోనే వచ్చి ఉంటారు. కాదనను. ఆకలితో ఉన్నవాడు అన్నం పెట్టినవాడి మాట వింటాడు, అందులో తప్పేముంది? కానీ గంజి అనేసి ఊరుకుంటే ఒక తేడా కనపడకుండా పోతుంది. గడీలో పని చేస్తే వెట్టి. ఇక్కడ రాయి మోస్తే పనికి ప్రతిఫలం. పని చేసినవాడికి చేసినందుకు ఇవ్వాలి అన్నదే ఆ మనిషికి కొత్త సంగతి. దాన్ని గంజి అనడం నాకైతే అన్యాయంగా అనిపిస్తోంది.

ఆ కట్టడం అందం గురించి రెండు ముక్కలు చెప్పకపోతే పాపం. ముందు మూడు వైపులా రంగుటద్దాల కిటికీలు. క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం. ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఇంగ్లీషు చిత్రకారుడి పని. పగలు లోపల నుంచి చూస్తేనే బొమ్మ వెలుగుతుంది. బయట నుంచి చూస్తే నల్లటి గాజు పెంకులే. మూడూ ఒకేసారి రాలేదు. ఆరోహణం కిటికీ 1927లో, పుట్టుక కిటికీ 1947లో, సిలువ కిటికీ 1958లో పెట్టారు. నేల మీది రంగు పలకలు సీమ నుంచి తెప్పించి ఇటలీ మేస్త్రీలతో పరిపించారంటారు. గైడ్లు వీటి గురించి చాలాసేపు చెప్తారు. రాయి కొట్టినవాళ్ళ గురించి ఒక్క వాక్యంలో సరిపెడతారు.

ఇంకో వింత. వెస్లియన్లకు బిషప్పులు లేరు. బిషప్ పీఠం ఉన్న చర్చినే కేథడ్రల్ అనాలి. కాబట్టి 1924లో ఇది కేథడ్రల్ కాదు, ఎంత పెద్దదైనా ఉత్త చర్చే. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్లు, బ్రిటిష్ మెథడిస్టులు, అప్పటికే ఒకటైన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పరిచాయి. అమెరికా మెథడిస్టులు కలవలేదు. ఆ రోజు నుంచి మెదక్‌కు డయోసిస్, బిషప్ వచ్చారు. చర్చి కేథడ్రల్ అయింది, మెథడిస్టు పేరు పోయింది. ఇందాక చెప్తానన్న కారణం ఇదే. తమాషా ఏంటంటే అప్పటికి హైదరాబాద్ ఇంకా నిజాం చేతిలోనే ఉంది. మెదక్ ఇండియాలో కలవడానికి ఏడాది ముందే మెదక్ చర్చి సౌత్ ఇండియా చర్చిలో కలిసిపోయింది!

మొదటి బిషప్ ఫ్రాంక్ విట్టేకర్ ఇంగ్లీషువాడే. దోర్నకల్‌లో ఆంగ్లికన్లు 1912లోనే అజరయ్య అనే భారతీయుణ్ణి బిషప్ చేశారు. మెదక్ వాళ్ళు 35 ఏళ్ళ తర్వాత కూడా తెల్లవాణ్ణే కూర్చోబెట్టారు. ఉపదేశుల కాళ్ళ మీద పెరిగిన సంఘానికి ఇది గొప్ప విషయం కాదు. మాల, మాదిగ తేడాలు చర్చి గుమ్మం దగ్గర చెప్పులతో పాటు విడిచి లోపలికి రాలేదన్నదీ నిజమే.

1959 ప్రాంతంలో పి.వై. ల్యూక్, జాన్ కార్మన్ అనే ఇద్దరు ఈ డయోసిస్ పల్లెల్లో తిరిగి చూసి 1968లో పుస్తకం వేశారు. ఆదివారం ప్రార్థన, పిల్లవాడికి అమ్మవారు పోస్తే పోచమ్మకు మొక్కు, రెండూ పక్కపక్కనే నడిచే బతుకులు వాళ్ళకు కనిపించాయి. యాభై ఏళ్ళ తర్వాత కార్మన్, చిల్కూరి వసంతరావు కలిసి మళ్ళీ అవే పల్లెల కథ రాశారు. 2014లో వచ్చింది. దాని పేరులోనే క్షీణత, పునరుజ్జీవనం అని రెండు మాటలున్నాయి. పాత సంఘం నీరసించిన చోట్ల కొత్త స్వతంత్ర సంఘాలు వచ్చాయి. పెరుగుదల అంటే మనం ఎక్సెల్ షీట్లో గీసే గీత కాదు, పైకి పోయి కిందకొచ్చి మళ్ళీ పక్క నుంచి మొలుస్తుంది.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని లెక్క. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా లెక్కల్లో క్రైస్తవులు 1971లో నూటికి 4.19. 2001లో 1.55. 2011లో 1.34. చూసిన ప్రతివాడూ చర్చిలు పెరిగాయంటాడు, లెక్కేమో మూడో వంతుకు పడిపోయింది! ఏమైనట్టు?

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీ కులాల నుంచి క్రైస్తవులైనవాళ్ళు మన దగ్గర బీసీ-సి. ఎస్సీలకు నూటికి 15, బీసీ-సికి 1. దాంతో ఏమైందో ఊహించడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. కాగితం మీద హిందువు, ఆదివారం చర్చిలో. రేషన్ కార్డులో ఒక పేరు, చర్చి పుస్తకంలో ఇంకో పేరు.

దీన్ని మోసం అనేవాళ్ళున్నారు. ఎస్సీ హోదా హిందూ సమాజంలోని అంటరానితనానికి విరుగుడుగా వచ్చింది, మతం మారాక ఎందుకు, ఉన్నదాంట్లో ఇంకొకరికి వాటా పోతుంది అంటారు. వాళ్ళ వాదన కొట్టిపారేసేది కాదు. కానీ మతం మారాడని ఊరు అతన్ని మాల అనడం మానిందా? వేరే గ్లాసు తీసేసిందా? కులం వెంట వస్తున్నప్పుడు కులం వల్ల వచ్చిన నష్టానికి పరిహారం మాత్రం గుమ్మం దగ్గర ఆగిపోవడం ఏమిటో నాకు అర్థం కాదు.

దీన్నే గంజి వాదానికి పెట్టి చూడండి. లాభం కోసమే చేరినవాడైతే 1950 తర్వాత క్రైస్తవుడిగా ఉండటం శుద్ధ నష్టం. అప్పుడు చర్చిలు ఖాళీ అవ్వాలి. ఖాళీ అయింది కాగితం. చర్చి కాలేదు. 2024 డిసెంబర్ 25న నూరేళ్ళ పండుగకు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వచ్చారు, పేపర్లో ఫోటో వచ్చింది. నేను చూసింది మాత్రం ఆయన వెనకాల ఉన్న జనాన్ని.

పోయిన నెల మా మిత్రుడి ఊరు వెళ్ళాను. వాళ్ళ నాయనమ్మకు ఎనభై దాటాయి. మంచం మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. కాసేపయ్యాక ధైర్యం చేసి అడిగాను, "మీ నాయన గంజి కోసమే పోయిండా అవ్వా?" అని. మనవడు నా వంక గుర్రుగా చూశాడు. ఆమెకు మాత్రం కోపం రాలేదు.

"గంజి కోసమే వొయ్యిండనుకో బిడ్డా. గంజి బందయినంక గూడ ఎందుకు వొయ్యిండు మరి?"

నా దగ్గర సమాధానం లేదు. ఆరోజు నవ్విన మా మిత్రుడికి ఈ టపా లంకె పంపిస్తున్నాను. మీ ఊళ్ళో కూడా ఇలాంటి పాత చర్చి ఉంటే, దాన్ని కట్టినవాళ్ళ పిల్లలో మనవలో ఇంకా బతికుంటే, వెళ్ళి అడిగి రాసిపెట్టండి. దొరల గురించి పుస్తకాలు ఎటూ ఉంటాయి. రాళ్ళు మోసినవాళ్ళ మాట ఈ అవ్వతోనే పోతుంది.